తల కార్డుకే గిరాకీ

చర్చిలో డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో అసలు టెన్షన్ పన్నెండు దాటాకే మొదలవుతుంది. బైబిలు వచనాలున్న వాగ్దాన కార్డుల పళ్లెం తిరుగుతుంది, తలా ఒకటి తియ్యాలి. కొత్త ఏడాదిలో దేవుడు మనకేం చేస్తాడో అందులో రంగుల్లో అచ్చేసి ఉంటుంది. మనమేం చేయాలో రాయడానికి మాత్రం చోటు చాలదు. గులాబీ పువ్వు, పాస్టరుగారు, అమ్మగారు, ఫోన్‌పే నంబరు, ఇవన్నీ పట్టాలి కదా!

అన్నిటికన్నా గిరాకీ "నిన్ను తలగా నియమించునుగాని తోకగా నియమింపడు" కార్డుకి. ద్వితీయోపదేశకాండము 28:13. ఆజ్ఞలు విని నడుచుకుంటేనే అన్న షరతు కూడా ఆ వచనంలోనే ఉంది, ప్రెస్సులో రాలిపోయింది పాపం. ఆ అధ్యాయంలో వచనాలు 68. దీవెనలు 14తో సరి. మిగిలిన 54 శాపాలకు కార్డు వేయించిన సంఘాన్ని నేనైతే చూడలేదు.

ప్రెస్సు కుర్రాడు నిద్రమత్తులో ఒక అధ్యాయం వెనక్కి వెళ్లి 27:17 అచ్చేశాడనుకోండి. అది సరిగ్గా సంఘ పెద్దగారి చేతికే వస్తుంది. వెంచర్లు వేసే మనిషి. ఆయన పొలం గట్టు ఏటా రెండడుగులు పక్కకు జరుగుతుంది, విశ్వాసంతో. కళ్లజోడు సర్దుకుని, అలవాటైన గొంతుతో మైకులో చదివేస్తారు: "తన పొరుగువాని సరిహద్దురాయిని తీసివేయువాడు శాపగ్రస్తుడు." మన జనం సంగతి తెలిసిందే, మైకులో బస్సు టైములు చదివినా ఊరుకోరు. "ఆమేన్!" హాలు దద్దరిల్లిపోతుంది. పైగా ప్రజలందరూ ఆమేన్ అనాలని ఆ వచనంలోనే రాసుంది! కీబోర్డు తమ్ముడు హుషారుగా తాళం అందుకుంటాడు. పాస్టరుగారు పళ్లెంతో పరుగున వస్తారు. "అన్నగారూ, అది ప్రింటింగ్ మిస్టేకు. ఇంకోటి తియ్యండి." ఈసారి తల కార్డు. హల్లెలూయ. రాయి మాత్రం జరిపిన చోటే ఉంటుంది.

కానుకలు పట్టే ముందు ప్రతి వారం మలాకీ 3:10 చదువుతారు. దశమభాగం తెండి, ఆకాశపు వాకిళ్లు విప్పుతానని. అయ్యగారూ, ఐదు వచనాలు పైకి వెళ్లండి! కూలివాళ్లను, విధవరాళ్లను బాధపెట్టేవాళ్ల మీద తానే సాక్షిగా నిలబడతానంటున్నాడు దేవుడు. ఆ పెద్దగారు తన సైటులో ఇటుకలు మోసిన ఆడమనిషికి రెండు నెలల కూలి ఎగ్గొట్టి, ఆ డబ్బే కవరులో పెట్టి స్తోత్రకానుక అని ఇస్తుంటే, దాన్ని పైకెత్తి ప్రార్థన చేయడానికి మీకు చేతులెలా వస్తున్నాయి? వెనక చాప మీద కూర్చుని ఆమె చూస్తూనే ఉంది. వచ్చి అడిగితే "ఓర్చుకోమ్మా, దేవుడు చూస్తాడు" అంటారు. ఆయన చూస్తాడు, మీకేమైంది? కళ్లు లేవా?

బైబిల్లో పన్నులు వసూలు చేసే జక్కయ్య సగం ఆస్తి బీదలకిస్తానన్నాడు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగిస్తానన్నాడు. ఆ ఇంటికి రక్షణ వచ్చిందని యేసు అన్నది ఆ తర్వాతే. మారుమనస్సుకి అప్పట్లో అంత ఖర్చు! మన దగ్గర చాలా చవక. రెండు చేతులెత్తి కాసేపు ఏడిస్తే కొత్త మందిరం శిలాఫలకం మీద పేరెక్కుతుంది. ఆ మందిరం కట్టిన మేస్త్రీకైనా డబ్బులు ముట్టాయో లేదో కనుక్కోండి.