కన్సోల్ మూత విప్పకండి

జపాన్ నుంచి పాత ఫామికామ్ (నింటెండో వీడియో గేమ్ కన్సోల్) తెప్పించుకున్నవాళ్లకు మొదటి రోజే ఒక సలహా ఎదురవుతుంది. "బొమ్మ రావట్లేదా? మూత విప్పి, లోపల నాలుగు తీగలు సోల్డర్ చేసి, ఏవీ (ఆడియో-వీడియో) అవుట్‌పుట్ పెట్టించెయ్" అని. చెప్పేవాళ్లది మంచి మనసే, అలా చేస్తే బొమ్మ వస్తుంది కూడా. అయినా నేను దీన్ని గట్టిగా వ్యతిరేకిస్తాను. పరాయి దేశపు టీవీకి సరిపడేలా ఏ మార్పు చేసినా అది కన్సోల్ బయటే జరగాలి.

ఫామికామ్ 1983 జులైలో వచ్చింది. నింటెండో 2003లో దాని తయారీ ఆపేసింది, 2007లో రిపేర్లూ మానేసింది. ఇక కొత్తవి రావు. ఏవీ మాడ్ అనే ఈ మార్పు పేరుతో చాలాచోట్ల ఆర్‌ఎఫ్ భాగాన్ని, అంటే బొమ్మను టీవీ చానెల్‌లా పంపే భాగాన్ని, పీకేస్తారు, వెనక ప్లాస్టిక్‌కు రంధ్రాలు వేస్తారు. వేసిన రంధ్రం మళ్లీ పూడదు. పైగా కాంపోజిట్ వీడియో (పసుపు రంగు ఏవీ తీగలో వచ్చే బొమ్మ) కావాలంటే దానికోసం నింటెండోనే 1993లో ఏవీ అవుట్‌పుట్ ఉన్న కొత్త ఫామికామ్ తెచ్చింది. అది ఇప్పటికీ సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతుంది. తీగలు అతికించాలని అంత తపన ఉంటే, ముందు ఆ మోడల్ కోసం వెతకండి.

అసలు బొమ్మ రాకపోతే కన్సోల్ చెడిపోయిందని అనుకోనక్కర్లేదు. అది జపాన్ ఒకటో చానెల్‌లోనో రెండో చానెల్‌లోనో ప్రసారం చేస్తోంది. ఆ చానెళ్లు 90 మెగాహెర్ట్జ్ దగ్గర మొదలవుతాయి. ఇక్కడ అమెరికాలో గేమ్ కన్సోళ్లు వాడే 3, 4 చానెళ్లు 60, 70 మెగాహెర్ట్జ్ ప్రాంతంలో ఉంటాయి. 90 దగ్గర ఇక్కడ గాలిలో నడిచేది ఎఫ్‌ఎం రేడియో. కానీ కేబుల్ టీవీ వాళ్లు అవే ఫ్రీక్వెన్సీలకు 95, 96 అని నంబర్లు ఇచ్చుకున్నారు. కాబట్టి అనలాగ్ ట్యూనర్ (పాత పద్ధతి చానెళ్లను పట్టే భాగం) ఉన్న టీవీలో మెనూలోకి వెళ్లి, యాంటెన్నా అని ఉన్నదాన్ని కేబుల్‌గా మార్చి, 95 నొక్కండి. కన్సోల్ వెనక స్విచ్ రెండో చానెల్ మీద ఉంటే 96. చాలామందికి పని ఇక్కడితో అయిపోతుంది. సోల్డరింగ్ ఐరన్ ముట్టుకునే అవసరమే రాదు.

ఇక్కడే ఇంకో పొరపాటు జరుగుతుంది. కన్సోల్ వెనక ఆర్‌ఎఫ్ సాకెట్ చూడటానికి అచ్చం ఏవీ సాకెట్‌లాగే ఉంటుంది. దాని తీగను తీసుకెళ్లి టీవీలో పసుపు రంగు సాకెట్‌కి కలిపేసి, కన్సోల్ పోయిందని బాధపడతారు. ఆ తీగ వెళ్లాల్సింది యాంటెన్నా సాకెట్‌కి. మధ్యలో పెట్టే చిన్న అడాప్టర్ ముక్క ఎలక్ట్రానిక్స్ షాపుల్లో దొరుకుతుంది.

బొమ్మ కంటే నాకు ఎక్కువ టెన్షన్ కరెంటు గురించి. ఫామికామ్‌కు కావలసింది 10 వోల్టుల డీసీ, అదీ ప్లగ్ లోపలి భాగం నెగెటివ్‌గా ఉండాలి. ఇప్పుడు మన ఇళ్లలో ఉన్న అడాప్టర్లలో ఎక్కువవాటికి లోపలి భాగం పాజిటివ్. అమెరికా నింటెండో అడాప్టర్ ఇంకా ప్రమాదం. ప్లగ్ సరిగ్గా దూరుతుంది, కానీ అది ఇచ్చేది ఏసీ. అమెరికా కన్సోల్ లోపల ఏసీని డీసీగా మార్చే ఏర్పాటు ఉంది, ఫామికామ్‌లో లేదు. పెట్టారంటే లోపల భాగాలు కాలిపోవచ్చు. జపాన్ అడాప్టర్ 100 వోల్టులకు చేసింది. ఇక్కడి 120 వోల్టుల్లో చాలామంది అలాగే వాడేస్తున్నారు, నడుస్తుంది కూడా, కానీ అడాప్టరూ లోపలి రెగ్యులేటరూ అనవసరంగా వేడెక్కుతాయి. బ్రిటన్, ఆస్ట్రేలియా, ఇండియాల్లోని 230 వోల్టుల్లో ఆ సాహసం అసలే వద్దు. లోపలి భాగం నెగెటివ్‌గా ఉన్న 9 వోల్టుల డీసీ అడాప్టర్, 850 మిల్లీ ఆంపియర్లకు తగ్గనిది, ఏ దేశానిదైనా కొనుక్కోండి.

బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో ఉన్న మనవాళ్లకు ఇబ్బంది ఇంకో మెట్టు ఎక్కువ. జపాన్, అమెరికాల టీవీ పద్ధతి ఎన్‌టీఎస్‌సీ: 525 గీతలు, సెకనుకు దాదాపు 60 ఫీల్డులు (ఒక్కోసారి గీసే బొమ్మలు). బ్రిటన్, ఆస్ట్రేలియాలది పాల్ (PAL): 625 గీతలు, 50 ఫీల్డులు. రంగుల సంకేతమూ వేరు. అందుకే బొమ్మ నలుపు తెలుపుల్లో వస్తుంది, లేదా పైకీ కిందికీ దొర్లుతుంది. ఆర్‌ఎఫ్ అయితే శబ్దమూ సరిగా రాదు. దీనికి చవక మార్పిడి పెట్టెలు అమ్ముతున్నారు, 60ని 50 చేసేవి. వాటిని కొనకండి. ఫీల్డులు కొన్ని రాలిపోయి కదలిక తడబడుతుంది. ఆ ఆటల వేగం 60 మీద లెక్కేసి రాసింది, దాన్ని అలాగే చూడాలి. ఫామికామ్ తర్వాత వచ్చిన సూపర్ ఫామికామ్ ఉన్నవాళ్లు ఆర్‌జీబీ తీగ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా పంపేది) వాడితే రంగుల సంకేతం గొడవే ఉండదు. ఒక్క జాగ్రత్త మాత్రం తప్పనిసరి. జపాన్ ఆర్‌జీబీ ప్లగ్, యూరప్ టీవీల స్కార్ట్ ప్లగ్ రెండూ 21 పిన్నులతో ఒకేలా కనిపిస్తాయి, కానీ లోపల పిన్నుల క్రమం వేరు. ఒకదాని తీగ ఇంకోదానికి పెడితే పరికరం దెబ్బతినొచ్చు.

కొత్త ఎల్‌ఈడీ టీవీలతో మాట వేరు. పాత కన్సోళ్లు పంపేది 240పీ, అంటే 240 గీతల పూర్తి బొమ్మ. చాలా కొత్త టీవీలు దాన్ని 480ఐ, అంటే రెండు సగాలుగా వచ్చే బొమ్మ, అనుకుని అనవసరంగా కలిపి కుడతాయి. దాంతో బొమ్మ మసకబారుతుంది, బటన్ నొక్కాక కాస్త ఆలస్యంగా కదులుతుంది. దెబ్బ తగిలిన పాత్ర మిణుకుమిణుకుమనాల్సింది కొన్నిసార్లు పూర్తిగా మాయమవుతుంది. రెట్రోటింక్ లాంటి స్కేలర్ (పాత బొమ్మను కొత్త టీవీకి సరిపడేలా మార్చే పెట్టె) మధ్యలో పెడితే ఇదంతా సర్దుకుంటుంది. డబ్బు పెట్టాలంటే నేను దాని మీదే పెడతాను, ఎందుకంటే రేపు ఇంకో కన్సోల్‌కీ, ఇంకో టీవీకీ అదే పనికొస్తుంది.

ఆర్‌ఎఫ్‌లో బొమ్మ అంత బాగుండదు కదా అనేవాళ్ల మాట నిజమే, గరగర ఉంటుంది. అయినా దానికీ బయటే దారి ఉంది. కేబుల్ చానెళ్లు పట్టే పాత అమెరికన్ వీసీఆర్ ఒకటి ఉంటే, ఆర్‌ఎఫ్ తీగ దానికిచ్చి 95 పెట్టండి. దాని వెనక నుంచి కాంపోజిట్ వస్తుంది, దాన్ని స్కేలర్‌కు కలపండి. గరగర మొత్తం పోదు, కానీ టీవీలో ట్యూనర్ లేకపోయినా ఆట నడుస్తుంది.

మూత ఎప్పుడూ విప్పకూడదని కాదు. ముప్పై నలభై ఏళ్లలో లోపలి కెపాసిటర్లు ఎండిపోతాయి, కారుతాయి. వాటిని తెలిసినవాళ్ల చేత అదే విలువ ఉన్నవాటితో మార్పించడం రిపేరు. అది చేయించండి.

సంఘంలో ఎవరైనా ఇల్లు మారుతూ పాత వీసీఆర్, ట్యూబ్ టీవీ రీసైక్లింగ్‌కు ఇవ్వబోతుంటే ఒక్కసారి ఆగి, అది కేబుల్ మోడ్‌లో 95 పడుతుందేమో చూడండి. పడితే దాన్ని మన వాట్సాప్ గ్రూపులో పెట్టండి, తీసుకునేవాళ్లు ఉంటారు. తుపాకీతో గురిపెట్టి ఆడే ఆటలు ఆ ట్యూబ్ టీవీ మీదే పనిచేస్తాయి, ఎల్‌ఈడీ మీద పనిచేయవు.