పండుగ ఫొటో కార్డు: తపాలా రేటూ, కాగితం కొలతా నడిపిన చరిత్ర

శుభాకాంక్షల కార్డుల చరిత్ర రాసేవారు సాధారణంగా చిత్రకారుల దగ్గర మొదలుపెట్టి ముద్రాపకుల దగ్గర ముగిస్తారు. ఫొటో ఉన్న పండుగ కార్డు విషయంలో ఆ వరుస సరిపోదని నా అభిప్రాయం. క్రిస్మస్‌కో, కొత్త సంవత్సరానికో తమ ఇంటివారి ఫొటోనే కార్డుగా చేసి పంపే అలవాటు బ్రిటన్, అమెరికాల్లో ఎదిగిన తీరు చూస్తే, దాన్ని ముందుకు నెట్టినవి ముఖ్యంగా రెండు: తపాలా శాఖ వసూలు చేసే రేటు, ఫొటో కాగితం కొలత. అభిరుచి వాటి వెనకే వచ్చింది.

తొలి క్రిస్మస్ కార్డుగా చెప్పేది 1843లో లండన్‌లో హెన్రీ కోల్ తన మిత్రుడు జాన్ కాల్కాట్ హార్స్లీ చేత గీయించి అచ్చు వేయించినది. కోల్ ప్రభుత్వోద్యోగి, 1840లో వచ్చిన పెన్నీ తపాలాను అమల్లోకి తేవడంలో తపాలా సంస్కర్త రోలాండ్ హిల్‌తో కలిసి పనిచేసినవాడు. ఉత్తరానికి ఒక పెన్నీ చాలినప్పుడు ఆ కార్డు ధర ఒక షిల్లింగు, అంటే తపాలా ఖర్చుకు పన్నెండు రెట్లు. బొమ్మలో ఒక కుటుంబం బల్ల చుట్టూ చేరి, కార్డు అందుకున్నవారి క్షేమం కోరుతూ గ్లాసులు ఎత్తుతుంది. చిన్నపిల్ల చేత కూడా వైన్ తాగిస్తున్నట్టు గీయడంతో మద్యపాన వ్యతిరేకులు ఆక్షేపించారు. ఆ వివాదం కంటే నాకు ముఖ్యమనిపించేది, మొట్టమొదటి కార్డు మీదే కుటుంబం ఉండటం. పంపినవారి కుటుంబం మాత్రం కాదు. అప్పటికి ఫొటోగ్రఫీ లోకానికి తెలిసి నాలుగేళ్లే. 1839లో వెల్లడైన డాగేర్ పద్ధతిలో వెండిపూత పూసిన రాగిరేకు మీద ఒక్క బొమ్మే వచ్చేది, దానికి నకళ్లు తీసే వీలు లేదు. వందమందికి పంపాలంటే గీసిన కుటుంబమే గతి.

ఆ అడ్డు తొలగిన సంవత్సరంగా 1854ను చెప్పుకోవచ్చు. పారిస్‌లో డిస్దేరి అనే ఫొటోగ్రాఫర్ ఒకే గాజుపలక మీద ఎనిమిది చిన్న ఫొటోలు తీసే పద్ధతికి పేటెంటు పొందాడు. వాటిని కత్తిరించి, విజిటింగ్ కార్డంత అట్ట మీద అతికించేవారు. 1860లో మేయాల్ అనే ఫొటోగ్రాఫర్ విక్టోరియా రాణి కుటుంబం ఫొటోలను ఈ కొలతలోనే అమ్మకానికి పెట్టడంతో మధ్యతరగతి ఇళ్లలో ఫొటో ఆల్బమ్‌ పెద్ద మోజుగా మారింది. అయినా స్టూడియోకు వెళ్లాలి, కవరు కావాలి, ఉత్తరం రేటు కట్టాలి. తుపాకీ గురికి పేరుమోసిన అమెరికన్ ప్రదర్శకురాలు ఆనీ ఓక్లీ 1891లో గ్లాస్గోలో ఉండగా తన ఫొటోతో క్రిస్మస్ కార్డు చేయించి పంపిందనీ, సొంత ఫొటోతో వెలువడిన తొలి కార్డు అదేననీ చెబుతారు. తొలి అన్న మాట ఎలా ఉన్నా, అది ఊరూరా తిరిగి ప్రదర్శనలిచ్చే తార చేసిన పని. సామాన్య గృహస్థుడి అందుబాటులో ఉన్నది కాదు.

సామాన్యుడి వంతు 1898 నుంచి 1907 మధ్య వచ్చింది. ఈ తొమ్మిదేళ్లే అసలు కథ. ప్రైవేటు వ్యక్తులు, సంస్థలు వేసుకున్న కార్డులను కూడా ప్రభుత్వ పోస్టుకార్డుతో సమానంగా ఒక సెంటుకే చేరవేయాలని 1898లో అమెరికా చట్టం చేసింది. ఉత్తరానికి అప్పుడు రెండు సెంట్లు. ఆ మరుసటి ఏడాది కొడాక్ సంస్థ అధిపతి జార్జ్ ఈస్ట్‌మన్, బేక్లాండ్ నుంచి వెలాక్స్ ఫొటో కాగితం హక్కులు కొన్నాడు (తర్వాతి కాలంలో బేకలైట్ ప్లాస్టిక్ కనిపెట్టిన బేక్లాండే ఈయన). వెలాక్స్ గొప్పతనం అది వెలుతురుకు నెమ్మదిగా స్పందించే మందకొడి కాగితం కావడమే. ఎండ అవసరం లేకుండా రాత్రిపూట ఇంట్లో గ్యాసుదీపం వెలుతురులోనే దాని మీద ప్రింటు వేసి కడుక్కోవచ్చు. వెనుక పోస్టుకార్డు అచ్చు ఉన్న వెలాక్స్‌ను కొడాక్ 1902లో అమ్మకానికి తెచ్చింది. 1903లో వచ్చిన 3ఏ మడత కెమెరా నెగెటివ్ కొలత 3¼ × 5½ అంగుళాలు, అంటే సరిగ్గా పోస్టుకార్డంత. నెగెటివ్‌ను కాగితానికి ఆనించి వెలుతురు చూపిస్తే చాలు. పెద్దది చేసే యంత్రం అక్కర్లేదు, కత్తిరింపు లేదు, అతికింపు లేదు. కడిగి ఆరబెట్టిన కాగితమే కార్డు, ఒక సెంటు స్టాంపు అంటిస్తే ప్రయాణానికి సిద్ధం.

చివరి మెట్టు 1907 మార్చి 1న పడింది. అమెరికాలో అంతవరకు కార్డు వెనుక చిరునామా తప్ప మరేదీ రాయకూడదు. క్షేమసమాచారం ఏదైనా బొమ్మ పక్కనే ఇరికించాలి. ఆ రోజు నుంచి వెనుక భాగాన్ని నిలువుగా రెండుగా చీల్చి, ఎడమ సగంలో సందేశం రాసుకోనిచ్చారు. 1908 జూన్‌తో ముగిసిన ఏడాదిలో అమెరికా తపాలా శాఖ 67 కోట్లకు పైగా పోస్టుకార్డులు చేరవేసింది. దేశ జనాభా అప్పటికి 9 కోట్లు కూడా లేదు. వాటిలో చాలావరకు రంగుల అచ్చు కార్డులే అయినా, ఇంటి ముంగిట నిలబడిన మనుషుల ఫొటో కార్డులకూ వాటిలో చోటుంది.

ఆ కార్డుల్లో నన్ను కట్టిపడేసేవి నెగెటివ్ మీద చేత్తో రాసిన శుభాకాంక్షలు. సిరాతో నెగెటివ్ మీద రాస్తే ప్రింటులో తెల్లని అక్షరాలు వస్తాయి. అయితే మందు పూసిన వైపు అద్దంలో కనిపించినట్టు కుడిఎడమలు తిరగేసి రాయాలి. చిన్న పట్టణాల ఫొటోగ్రాఫర్లు ఆ తొందరలో ఒక్కోసారి ఎన్ అక్షరాన్ని తిరగేసి రాశారు, ఆ తప్పు అలాగే ఊళ్లన్నీ తిరిగింది. అచ్చుయంత్రం ఇవ్వలేని సాన్నిహిత్యం ఆ వంకర అక్షరంలో ఉంది. ఇక కార్డు వెనుక స్టాంపు అంటించే గడి చూసి కాలం అంచనా వేయడం సేకరణకర్తలకు తెలిసిన విద్య: అజో అనే రకం ఫొటో కాగితం మీద ఆ గడి మూలల్లోని నాలుగు త్రికోణాలూ పైకి చూస్తుంటే సుమారుగా 1904–1918, రెండు పైకీ రెండు కిందికీ ఉంటే 1918–1930.

మొదటి ప్రపంచ యుద్ధం ఈ కార్డును రాజ్యాధికారం చేతికిచ్చింది. 1914 క్రిస్మస్‌కు బ్రిటన్ రాజు ఐదవ జార్జి, మేరీ రాణి తమ ఫొటోలున్న కార్డును సైనికులకు పంపారు. భగవంతుడు మిమ్మల్ని కాపాడి క్షేమంగా ఇల్లు చేర్చాలన్న ఆకాంక్ష వారి చేతిరాత నకలుగా దానిపై ఉంది. అదే సమయంలో వారి కుమార్తె మేరీ పేరిట ఇత్తడి పెట్టెలు పంచారు, అందులో ఆమె ఫొటో కూడా పెట్టారు. అప్పటికి ఫ్రాన్స్‌లో పోరాడుతున్న భారతీయ సైనికులకూ ఆ కానుకలు అందాయి, వారి ఆచారాల మేరకు మార్పులతో; సిక్కులకైతే పొగాకు బదులు కలకండ, సుగంధ ద్రవ్యాలు చేర్చి. ఇంటివారి ఫొటో చేసే పనిని ఇక్కడ పాలకుడి ఫొటో చేసింది.

తర్వాతి దశాబ్దాల్లో పోస్టుకార్డు వెనక్కి తగ్గి, కవరులో పెట్టి పంపే మడత కార్డు ముందుకొచ్చింది. హాల్‌మార్క్ వంటి సంస్థలు అందులో స్థిరపడ్డాయి. నెగెటివ్ ఇస్తే పండుగ అలంకరణ, శుభాకాంక్ష ముందే సిద్ధం చేసుకున్న మూసతో కలిపి ప్రింటు వేసిచ్చే పద్ధతి ఫొటో దుకాణాలకు వచ్చింది. 1942లో కొడాక్ వారి కొడాకలర్ ఫిల్మ్‌తో ప్రింట్లకు రంగు వచ్చింది. 1962లో అమెరికా అధ్యక్షుడు కెనెడీ దంపతుల కార్డు మీద జాక్లీన్, పిల్లలిద్దరూ శ్వేతసౌధం ఆవరణలో మంచుబండి మీద ఉన్న ఫొటో వేశారు. 1963 కార్డు మీద యేసు జనన దృశ్యం ఫొటో. ఆ నవంబరులో, కెనెడీ హత్యకు గురైన డల్లాస్ ప్రయాణానికి ముందు దంపతులిద్దరూ కొన్ని కార్డుల మీద సంతకాలు చేశారు. అవి తపాలాకు చేరలేదు. సంతకం లేని కార్డుకూ సంతకం ఉన్న కార్డుకూ తేడా ఎంతో చెప్పడానికి ఇంతకంటే పెద్ద ఉదాహరణ నాకు తెలియదు.

ఈ తేడానే ఇప్పుడు పోగొట్టుకుంటున్నాం. 1999లో షటర్‌ఫ్లై, స్నాప్‌ఫిష్ అనే ఇంటర్నెట్ ఫొటో ప్రింటింగ్ సంస్థలు వచ్చాక ఫొటో, పేరు, శుభాకాంక్ష, కవరు మీది చిరునామా అన్నీ అచ్చులోనే వస్తున్నాయి. తపాలా శాఖ 1907లో సందేశానికి ఇచ్చిన వెనుక సగాన్ని డిజైను నింపేసింది. ఫొటోల నాణ్యత పెరిగిందని ఒప్పుకుంటూనే, కార్డు సమాచారం కోల్పోయిందని గట్టిగా చెప్పాలి: ఏ ఊరు, ఎవరు ఎవరికి ఏమవుతారు, ఎవరు రాశారు అన్నది ఇరవై ఏళ్ల తర్వాత ఆ కార్డు చెప్పదు.

మన రాష్ట్రాల్లో కొత్త సంవత్సరపు ఫొటో గ్రీటింగ్ అంటే ఎనభైలు, తొంభైలలో ఎక్కువగా పేవ్‌మెంట్ మీద కొనే సినిమా నటుల ఫొటోయే. సొంత ఫొటో కవరులో పెట్టి పంపడం పెళ్లి సంబంధాల కోసమే ఎక్కువ. కాబట్టి అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు డిసెంబరు కార్డుకు పట్టుబట్టలతో ఫొటో దిగడం కొత్తగా నేర్చుకున్న అలవాటు, మంచి అలవాటు. అయితే అక్కడి మూస ఒకే ఇంటిపేరును బహువచనం చేసి, కింద సంవత్సరం వేసేలా తయారైనది. ఆరునెలలు ఉండేందుకు వచ్చిన అమ్మమ్మ, తాతయ్యలు ఆ ఫొటోలో ఉంటే వారి ఇంటిపేరు వేరు. పేరు వేయడానికి గడి లేదు. అందుకే వెనుక వైపు డిజైను వద్దని ఖాళీ కాగితమే అడిగి, ఫొటోలో ఉన్న ప్రతి ఒక్కరి పేరూ, వరుసా, ఊరూ తెలుగులో చేత్తో రాయాలి. రాసేది ఆ అమ్మమ్మే అయితే మరీ మంచిది.