ఆదివారం గంటసేపు ఒళ్ళు లాగితే వారం బడలిక పోతుందా?

నెల్లూరు, ఒంగోలు వైపు వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజీ తెగ తిరుగుతోంది. సారాంశం ఇది: "ఆదివారం తెల్లారుజామున లేచిన వెంటనే గంటసేపు ఒళ్ళు సాగదీయండి. నొప్పి పుట్టేదాకా లాగితేనే కండరాల్లో పేరుకున్న లాక్టిక్ ఆసిడ్ బయటికి పోతుంది. మోకాళ్ళు వంచకుండా కాలివేళ్ళు అందుకోండి. వీలైతే 108 సూర్యనమస్కారాలు చేయండి. ఆపైన ఐసునీళ్ళ స్నానం. ఏ పని చేసేవాళ్ళకైనా, ఏ వయసువాళ్ళకైనా వారం బడలిక ఒక్కపూటలో మాయం."

ఆదివారం ఒంటికి కాస్త టైమివ్వమన్న మాట ఒక్కటే ఇందులో నిలబడేది. మిగతావి ఒక్కొక్కటే చూద్దాం.

లాక్టిక్ ఆసిడ్‌తో మొదలుపెడదాం, ఎందుకంటే మెసేజీ మొత్తం దానిమీదే నిలబడింది. మూటలు మోసినా, గట్టిగా పరుగెత్తినా కండరంలో లాక్టేట్ (లాక్టిక్ ఆసిడ్ ఒంట్లో ఉండే రూపం) పెరిగే మాట నిజమే. పని ఆపాక గంట, మహా అయితే రెండు గంటల్లో అది మామూలు స్థాయికి వచ్చేస్తుంది. గుండె, కాలేయం, ఇతర కండరాలు దాన్ని వాడేసుకుంటాయి. శనివారం సాయంత్రం పుట్టిందే ఆదివారం పొద్దుటికి ఉండదు, ఇక మంగళవారం నాటిది ఎక్కడ పేరుకుంటుంది? అలవాటు లేని పని చేసిన మర్నాడు వచ్చే ఒళ్ళునొప్పులకు కారణం వేరే ఉంది. కండరపు పోగులు సూక్ష్మంగా దెబ్బతింటాయి, వాటిని బాగుచేసుకునే క్రమంలో కొంత వాపు వస్తుంది. 24 నుంచి 72 గంటల మధ్య ఆ నొప్పి బాగా తెలుస్తుంది, ఆ తర్వాత దానంతటదే తగ్గుతుంది. బరువు మెల్లగా దించడం, మెట్లు దిగడం లాంటి పనుల్లో ఇది ఎక్కువ. ఆ పనుల్లో కండరం సాగుతూనే బరువును ఆపాల్సి వస్తుంది మరి. అలా సాగి దెబ్బతిన్నదాన్ని మళ్ళీ బలంగా సాగదీస్తే బాగవుతుందనడం ఎక్కడి లెక్క?

స్ట్రెచింగ్ ఈ నొప్పిని ఏమాత్రం తగ్గిస్తుందో తేల్చడానికి కాక్రేన్ అనే అంతర్జాతీయ వైద్య పరిశోధనా సంస్థ సమీక్ష 2011లో అంతవరకు జరిగిన ప్రయోగాలను కలిపి చూసింది. వ్యాయామం తర్వాత సాగదీసినవాళ్ళకు మర్నాడు తగ్గిన నొప్పి వంద పాయింట్ల కొలతలో సుమారు ఒక పాయింటు. చేసిన మనిషికి తెలిసేంత తేడా కూడా కాదు. దీనికంటే 20, 30 నిమిషాలు నెమ్మదిగా నడవడం, ఆ రాత్రి ఏడెనిమిది గంటలు నిద్రపోవడం నయం.

"నొప్పి పుట్టేదాకా" అన్నది రెండో తప్పు, ప్రమాదమైన తప్పు. కండరాన్ని హఠాత్తుగా గానీ, మితిమీరి గానీ లాగితే అది తనను కాపాడుకోవడానికి బిగుసుకుంటుంది. ఎగిరెగిరి లాగేవాళ్ళకు ఒళ్ళు ఇంకా పట్టేసినట్టుండేది అందుకే. సున్నా నుంచి పది దాకా కొలుచుకుంటే లాగుడు మూడు, నాలుగు దగ్గర ఆగిపోవాలి. ఊపిరిని నింపాదిగా వదలలేకపోతున్నారంటే హద్దు దాటినట్టే, కొంచెం వెనక్కి రండి. ఒక్కో భంగిమలో 20 నుంచి 30 సెకన్లు ఉండి, ఒక్కో కండరానికి రెండు మూడుసార్లు చేస్తే చాలు.

పైగా ఒకసారి సాగదీసినందుకు ఒంటికి వచ్చే వదులు చాలామందిలో అరగంటలోనే తగ్గిపోతుంది. వారాల తరబడి చేస్తే నిలిచే మార్పు కూడా చాలావరకు కండరం పొడుగు పెరగడం వల్ల వచ్చేది కాదు. ఆ లాగుడును ఓర్చుకోవడం మెదడుకు అలవాటవుతుంది, అంతే. అలవాటు ఒక్క ఆదివారంతో రాదు. కండరానికి రోజూ ఒక నిమిషం చొప్పున ఐదు రోజులు చేయడానికీ, ఐదు నిమిషాలూ ఆదివారమే లాగెయ్యడానికీ లెక్కలో తేడా లేదు, ఒంట్లో ఉంది. నడక, సైకిలు లాంటివి వారాంతంలో కలిపి చేసినా గుండెకు మేలే. సాగదీతకు మాత్రం ఆ వెసులుబాటు లేదు.

ఇక "లేచిన వెంటనే మోకాళ్ళు వంచకుండా కాలివేళ్ళు". మెసేజీ మొత్తంలో నడుముకు బాగా చేటు చేసేది ఇదే. రాత్రంతా పడుకున్నప్పుడు వెన్నుపూసల మధ్య డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి. పొద్దున మనం ఒకటి, ఒకటిన్నర సెంటీమీటరు పొడుగ్గా ఉండేది అందువల్లే. ఆ నీటిలో ఎక్కువ భాగం లేచిన మొదటి గంటలోనే దిగుతుంది. అది దిగకముందే నడుం పూర్తిగా ముందుకు వంచితే డిస్కు మీద, దాన్ని వెనక నుంచి పట్టి ఉంచే కట్టు మీద పడే ఒత్తిడి మామూలుకంటే చాలా ఎక్కువ. ముందే డిస్కు బాధ ఉన్నవాళ్ళు ఆ గంటా వంగకుండా ఉంటే నొప్పి తగ్గే అవకాశం ఉంది. లేచి గంట గడిచాక, కాఫీ తాగి, పది నిమిషాలు అటూ ఇటూ నడిచి మొదలుపెట్టండి. ఆదివారం కాబట్టి చేపల పులుసు భోజనమయ్యాక మాత్రం కనీసం రెండు గంటలు ఆగాలి.

తొడ వెనక లాగుడంతా కండరానిదే అనుకోవడం కూడా పొరపాటే. కుర్చీ అంచున కూర్చుని, వీపు కొంచెం వంచి, గడ్డం ఛాతీకి ఆనించి, ఒక మోకాలు చాచండి. లాగుడు మొదలైన చోట ఆపి, కాలు కదపకుండా తల మాత్రం పైకెత్తండి. తల ఎత్తగానే కాలి వెనక లాగుడు తగ్గిందంటే, సాగుతున్నది నడుం నుంచి కాలి వెనకగా దిగే సయాటిక్ నరం. నరాన్ని పట్టి లాగితే తిమ్మిరి, మంట, కాల్లో కరెంటు కొట్టినట్టు పోటు వస్తాయి.

తొడ వెనక భాగానికి క్షేమమైన దారి గుమ్మం దగ్గరుంది. గుమ్మం వైపు కాళ్ళు పెట్టి వెల్లకిలా పడుకోండి. ఒక కాలు ద్వారంలోంచి అవతలికి చాచి పెట్టండి. రెండోకాలి మడమను ద్వారబంధం మీద పైకి ఆనించండి. మోకాలు కాస్త వంగి ఉన్నా పరవాలేదు, పాదాన్ని వదులుగా ఉంచండి, వేళ్ళు మొహం వైపు లాక్కోకండి. పిర్ర నేలమీంచి లేస్తోందంటే ద్వారబంధానికి మరీ దగ్గరగా ఉన్నట్టు, ఒక జానెడు వెనక్కి జరగండి. ఇక్కడ నడుం మొత్తం నేలకు ఆనుకుని ఉంటుంది కాబట్టి డిస్కు మీద బరువు పడదు.

"ఏ పని చేసేవాళ్ళకైనా" అన్న మాట చూద్దాం. కోవూరు, ఇందుకూరుపేట మడుల్లో నాట్లు వేసే ఆడవాళ్ళు, టంగుటూరు వైపు పొగాకు గ్రేడింగు చేసేవాళ్ళు, ఉదయగిరిలో చెక్క గరిటెలు చెక్కేవాళ్ళు వారమంతా వంగే ఉంటారు. ఆదివారం వాళ్ళను మళ్ళీ వంగమంటే ఏం ఉపయోగం? వాళ్ళకు కావాల్సింది వెనక్కి. నిలబడి, రెండు అరచేతులూ నడుం మీద ఆనించి, మోకాళ్ళు వంచకుండా మెల్లగా వెనక్కి వంగి రావడం, పదిసార్లు. లేదా బోర్లా పడుకుని మోచేతుల మీద రెండు నిమిషాలు ఉండడం. అలా చేస్తే కాల్లోకి నొప్పి దిగుతున్నా, 50 దాటినవాళ్ళకు కాళ్ళు మొద్దుబారుతున్నా ఆపెయ్యాలి.

16వ నంబరు హైవే మీద లారీ నడిపేవాళ్ళకు, కంప్యూటరు ముందు కూర్చునేవాళ్ళకు బిగుసుకునేది తొడ ముందు, గజ్జల పైభాగం. దుప్పటి మడిచి ఒక మోకాలు దానిమీద పెట్టి, రెండోపాదం ముందు వేయండి. మోకాలు ఆనించిన వైపు పిర్రను బిగించి, నడుం ఎముకను కింది నుంచి ముందుకు తిప్పినట్టు చేసి, రెండు మూడు అంగుళాలే ముందుకు జరగండి. చాలామంది నడుం వెనక్కి విరిచి, అదే సాగుడనుకుంటారు. నడుంలో నొప్పి తెలిస్తే చేసింది తప్పే. తొడ ముందు తెలియాలి.

ట్రంకు రోడ్డు బట్టల షాపుల్లో, రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లలో నిలబడి పనిచేసేవాళ్ళకు పిక్కలు. గోడకు చేతులు ఆనించి, వెనక కాలి మడమ నేలకే ఉంచి, మోకాలు చాచి ఒకసారి, వంచి ఒకసారి. రెండూ వేరు కండరాలు, ఒకటి చేసి రెండోది వదిలేస్తే సగం పనే. ఆ తర్వాత గోడకు కాళ్ళెత్తి పది నిమిషాలు పడుకుంటే పాదాల వాపు దిగుతుంది.

108 నమస్కారాల గురించి ఒక్కటే లెక్క. ఒక్కో నమస్కారంలో ముందుకు వంగడం రెండుసార్లు, అంటే 216 వంగుళ్ళు. ఏటా రథసప్తమికి సాధన ఉన్నవాళ్ళు చేస్తారు, వాళ్ళ సంగతి వేరు. అలవాటు లేనివాళ్ళు నాలుగుతో మొదలుపెట్టి వారానికి రెండు పెంచుకోవచ్చు. శక్తికి మించి చేసిన మర్నాడు మూత్రం కాఫీ డికాషన్ రంగులో వస్తే కండరాలు విపరీతంగా దెబ్బతిన్నట్టు. కిడ్నీలకు ప్రమాదం, వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

ఐసునీళ్ళ స్నానం ఆటగాళ్ళకు పోటీల మధ్య పనికొస్తుంది. బరువులెత్తి కండ పెంచుకునేవాళ్ళకు, చేసిన వెంటనే ఐసులో దిగితే ఆ పెరుగుదలే తగ్గుతుంది. గుండె జబ్బు, బీపీ ఉన్నవాళ్ళు అసలు దిగకూడదు.

"ఏ వయసువాళ్ళకైనా" అనే మాట మాత్రం ఈ ప్రాంతంలో అనకూడనిది. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను (తాగేనీటిలో ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలు, పళ్ళు దెబ్బతినే జబ్బును) మొదట 1937లో వెలుగులోకి తెచ్చింది అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల నుంచే. కనిగిరి, పొదిలి, దర్శి వైపు బోరునీళ్ళు ఏళ్ళ తరబడి తాగినవాళ్ళకు మెడ తిరగకపోవడం, నడుం కర్రలా బిగుసుకుపోవడం కండరాల వల్ల కాకపోవచ్చు. స్నాయువుల్లోకి సున్నం చేరి ఎముకలా గట్టిపడుతుంది. అలాంటి మెడను బలవంతంగా తిప్పితే వెన్నుపాము నొక్కుకుపోవచ్చు. పళ్ళమీద గోధుమరంగు చారలున్నా, మెడ నెలలుగా తిరగకపోయినా ముందు ఎక్స్‌రే తీయించాలి. ముంజేతి రెండెముకల మధ్య పొర గట్టిపడి కనిపిస్తే అనుమానం బలపడుతుంది. తాగే నీటిని కూడా పరీక్ష చేయించండి, లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించి ఫ్లోరైడ్ ఉండకూడదు.

తొడల మధ్య, మలద్వారం చుట్టూ తిమ్మిరెక్కినా, మూత్రం బిగపట్టుకుపోయినా, పాదం ఎత్తలేక ఈడుస్తున్నా ఆదివారం అని చూడకుండా ఆ పూటే ఆసుపత్రికి వెళ్ళాలి. వట్టి పట్టేసిన నొప్పే అయితే వేడినీళ్ళ బ్యాగుకు తువ్వాలు చుట్టి 15 నిమిషాలు కాపడం పెట్టొచ్చు. షుగరుతో పాదాలు మొద్దుబారినవాళ్ళు కాళ్ళకు కాపడం పెట్టుకోకపోవడమే మంచిది. కాలినా తెలియదు.