మామగారూ, రేడియేటరూ

మొన్న మే నెలలో మా బావమరిది పెళ్లి చూసుకుని విజయవాడ నుంచి హైదరాబాద్ వస్తున్నాం, వెనక సీట్లో మామగారు, ఆయన పక్కన మా ఆవిడ, ఆవిడ ఒళ్లో ఆవకాయ జాడీ. రాత్రి కల్యాణమండపంలో కారు ఛార్జింగుకి పెడితే ఎవరో మహానుభావుడు ప్లగ్గు పీకేసి కూలర్ పెట్టుకున్నాడు, దాంతో ఫుల్లుగా బయల్దేరాల్సిన బండి డెబ్భై శాతంతో బయల్దేరింది. సూర్యాపేట దగ్గరికొచ్చేసరికి 20.

సరే ఫాస్ట్ ఛార్జర్ ఉంది కదా, టీ తాగేలోపు ఎక్కేస్తుంది అని ఛార్జింగ్ గన్ను కారుకి తగిలించా. మొదట ఛార్జింగ్ ఎక్కే స్పీడు 48 కిలోవాట్లు చూపించింది. నేను టీ పట్టుకొచ్చి మామగారికి ఇంజిన్ లేని బండి గొప్పతనం గురించి క్లాసు మొదలుపెట్టా, ఆయిల్ మార్చక్కర్లేదు, క్లచ్ లేదు, రేడియేటర్ గొడవ లేదు... అంతలో కారు ముందు నుంచి బుయ్యిమని విమానం లేస్తున్నట్టు ఫ్యాన్ సౌండు. స్క్రీన్ చూస్తే బ్యాటరీ వేడెక్కింది, పవర్ తగ్గించాం అని మెసేజు. 48 కాస్తా 9 అయింది. ఇంకో రెండున్నర గంటలట.

ఇక చూస్కోండి. పక్క గన్ను దగ్గరున్నాయన సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేశారా అన్నాడు. టీ కొట్టతను తడి గోనెసంచి కప్పమన్నాడు. కస్టమర్ కేర్ అమ్మాయి ఆఫ్ చేసి ఆన్ చెయ్యమంది, చేశా, ఫ్యాన్ ఇంకాస్త కోపంగా అరిచింది. నాకు గన్నుమీదే డౌటు, పిన్నులు వేడెక్కినా పవర్ తగ్గిస్తారు కదా, అందుకని పక్కాయనది అయ్యాక ఆ గన్నుకి మార్చా. అక్కడా 9. అంటే రోగం మన బండిలోనే.

అప్పుడు మామగారు లేచారు. ఆయన ముప్ఫై ఏళ్లు అంబాసిడర్ నడిపిన మనిషి, ప్రపంచంలో ఏ బండి ఆగినా ఆయన వైద్యం ఒకటే.

"రేడియేటర్‌లో నీళ్లున్నాయా బాబూ?"

"ఇది ఎలక్ట్రిక్ కారండీ మామయ్యగారూ, దీనికి రేడియేటర్ ఎందుకుంటుంది" అని జాలిగా నవ్వా.

ఆయన వినలా. బిందెడు నీళ్లు పట్టుకుని బంపర్ ముందు గొంతుక్కూర్చుని కిందకి తొంగి చూసి, చెయ్యి పెట్టి ఏదో లాగుతున్నారు. ముందు ఒక మూర ఎండిన బంతిపూల దండ వచ్చింది, తర్వాత గులాబీ రంగు నెట్ గుడ్డ, మీటర్లకి మీటర్లు, ఇంద్రజాలంలో లాగా, ఆఖర్న ఒక థర్మోకోల్ ముక్క, దానిమీద మెరుపుల అక్షరాల్తో "వెడ్స్". పెళ్లికొడుకుని ఊరేగించింది మా కారులోనే! డెకరేషన్ వాళ్లు పైపైన పీకి మిగతాది కింద గ్రిల్లులోకి దోపేసి పోయారు.

ఆ గ్రిల్లు వెనకాలే రేడియేటర్. ఉంది, శుభ్రంగా ఉంది. బ్యాటరీని చల్లబరుస్తూ చుట్టూ తిరిగే కూలెంటూ, ఏసీ గ్యాసూ వేడి వదిలేది ఆ గ్రిల్లులోంచి వచ్చే గాలికే, కాకపోతే రోడ్డుమీద వెళ్లేప్పుడు బ్యాటరీ నుంచి పోయేది ఓ 15, 20 కిలోవాట్లే కాబట్టి ఎలాగో నెట్టుకొచ్చింది, అసలే ఎండకి కాగిన బ్యాటరీలోకి ఒకేసారి 48 తోసేసరికి, బండి నిలబడి ఉంది, ఫ్యాన్ ఎంత లాగినా నెట్ గుడ్డే అడ్డం, ఇంకేం చేస్తుంది పాపం.

వెంటనే ఏం ఎక్కలేదు, పది నిమిషాలు పట్టింది. 9, 14, 22... 41 దాటేసరికి ఫ్యాన్ గొంతు తగ్గింది. మా ఆవిడ నావైపు చూడకుండా జాడీ మూత సర్దుకుంటోంది. మామగారు చేతులు కడుక్కుని, కాస్త దూరంగా వెళ్లి, ఫోన్లో ఎవరికో చెప్తున్నారు, దూరంగానే గానీ నాకు వినపడేట్టు:

"ఉందిరా, రేడియేటర్ ఉంది. అల్లుడికే తెలీదు."