శబ్దం పోయేదాకా బిగించాలా? ఆ ట్యాపెట్ మెసేజ్‌కి నా జవాబు

“మెకానిక్కులు మీకు చెప్పని ట్యాపెట్ రహస్యం” అనే మెసేజ్ ఈ వారంలో నాకు ఐదుసార్లు వచ్చింది. మా బావ ఒక్కడే రెండుసార్లు పంపాడు. రెండోసారి “చదివావా లేదా?” అని కింద రాశాడు కూడా. చదివాను బావా. తెలియనివాళ్ళకి: ఇంజన్‌లోకి గాలిని రానిచ్చే ఇన్‌టేక్ వాల్వ్‌లనీ, పొగని బయటికి పంపే ఎగ్జాస్ట్ వాల్వ్‌లనీ నొక్కి తెరిచే భాగమే ట్యాపెట్. దానికీ వాల్వ్‌కీ మధ్య ఉండాల్సిన సన్నటి గ్యాప్‌ని సరిచేయడమే ట్యాపెట్ సెట్టింగ్.

“టిక్ టిక్ శబ్దం మొదలైతే ఇంజన్ పోయినట్టే” అట. పోలేదు. చాలా కార్లలో ఇంజెక్టర్లే అలా టిక్కుమంటుంటాయి. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ గాస్కెట్ లీకైనా అచ్చం ట్యాపెట్ లాగే వినిపిస్తుంది. ముందు డిప్‌స్టిక్ తీసి ఆయిల్ ఎంత ఉందో చూడండి, తర్వాత భయపడదాం.

“ప్రతి కారుకూ 10,000 కిలోమీటర్లకోసారి ట్యాపెట్ సెట్టింగ్ చేయించాలి.” హైడ్రాలిక్ లిఫ్టర్లున్న ఇంజన్‌లో సెట్ చేయడానికి ఏముంది? ఆయిల్ ప్రెజర్‌తో అవే సర్దుకుంటాయి. వాల్వ్ మీద గిన్నెలా బోర్లించి ఉండే బకెట్ రకంలో అయితే తిప్పడానికి స్క్రూనే ఉండదు. షిమ్మో (సన్నటి లోహపు బిళ్ళ) బకెట్టో మార్చాలి, దానికి చాలాసార్లు కామ్‌షాఫ్ట్ (తిరుగుతూ వాల్వ్‌లను తెరిపించే ఇరుసు) విప్పాలి. మీ కారు మాన్యువల్‌లో ఎన్ని కిలోమీటర్లని ఉంటే అన్నే.

“చిక్కటి ఆయిల్ పోస్తే గ్యాప్ పూడుకుపోతుంది.” పూడదు. తర్వాతది.

నా ఓపిక అయిపోయింది ఇక్కడే: “ఇంజన్ నడుస్తుండగా స్క్రూ బిగిస్తూ పోండి. శబ్దం ఆగినచోట లాక్ నట్ బిగించేయండి. పికప్, మైలేజ్ రెండూ పెరుగుతాయి.”

శబ్దం ఎందుకు ఆగింది? గ్యాప్ పోయింది కాబట్టి. ఆ గ్యాప్ ఎవరో మరిచిపోయి వదిలేసింది కాదు. వేడికి వాల్వ్ సాగుతుంది, సాగడానికి చోటు కావాలి. చాలా ఇంజన్లలో ఇన్‌టేక్‌కి 0.15, 0.20 మిల్లీమీటర్ల దగ్గర ఇచ్చి, ఎక్కువ కాగే ఎగ్జాస్ట్‌కి ఇంకాస్త వదిలేది అందుకే. గ్యాప్ లేకుండా బిగిస్తే కామ్ (కామ్‌షాఫ్ట్ మీది ఉబ్బు) పక్కకు తిరిగిపోయినా రాకర్ (ఆ తోపుని వాల్వ్‌కి అందించే చేయి) మాత్రం వాల్వ్‌ని నొక్కిపట్టుకునే ఉంటుంది. వాల్వ్ తన సీటు మీద, అంటే మూసుకున్నప్పుడు ఆనుకునే రింగు మీద, పూర్తిగా కూర్చోదు. ఎగ్జాస్ట్ వాల్వ్ తన వేడిలో చాలా భాగాన్ని వదిలించుకునేది ఆ సీటుకు ఆనుకున్నప్పుడే. ఆనకపోతే ఆ వేడి ఎటు పోవాలి? పైగా ఆ సందులోంచి మండుతున్న గ్యాస్ తోసుకొస్తుంది. అంచు కాలుతుంది, కంప్రెషన్ పోతుంది, మిస్‌ఫైర్ మొదలవుతుంది, చివరికి హెడ్ దించాల్సి వస్తుంది. కారు మాత్రం నిశ్శబ్దంగా ఉంటుంది, కాదనను.

గ్యాప్ ఎక్కువైతే వాల్వ్ కాస్త ఆలస్యంగా తెరుచుకుని కాస్త ముందే మూసుకుంటుంది. మోత, అరుగుదల, ఎక్కువ ఆర్‌పీఎంలో ఇంజన్‌కి కొంచెం ఊపిరాడకపోవడం. అదీ మంచిది కాదు, కానీ మోత చేసి చెబుతుంది. సీఎన్‌జీ, ఎల్‌పీజీ బళ్ళలో దీనికి ఉల్టా జరగొచ్చు. సీటు అరిగేకొద్దీ వాల్వ్ పైకి జరుగుతుంది, గ్యాప్ తగ్గుతుంది, దాంతోపాటే శబ్దమూ తగ్గుతుంది. “ఈ మధ్య ఇంజన్ భలే స్మూత్‌గా ఉంది” అని గ్యాస్ కారు ఓనర్ అంటే నాకు టెన్షన్.

ఇంత తెలిసినట్టు మాట్లాడుతున్నాను గానీ, చాలా ఏళ్ళ క్రితం నా పాత కారుకి నేనూ ఇదే పని చేశాను. చెవి ఆనించి విని, శబ్దం పోయేదాకా బిగించి, మురిసిపోయాను. కొన్ని రోజులకే పొద్దున్నే స్టార్ట్ అవడానికి మొరాయించడం, ఐడిలింగ్‌లో వణకడం మొదలైంది. ఇంజన్ చల్లారాక ఫీలర్ గేజ్ (గ్యాప్ కొలిచే సన్నటి బ్లేడ్ల కట్ట) పెడితే ఒక ఎగ్జాస్ట్ వాల్వ్ దగ్గర అన్నిటికంటే సన్నటి బ్లేడు కూడా దూరలేదు.

నిజానికి ఆ చిట్కా గాల్లోంచి పుట్టింది కాదు. కొన్ని పాత వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజన్లలో హైడ్రాలిక్ లిఫ్టర్లను అలాగే, ఇంజన్ నడుస్తుండగానే, మోత ఆగేదాకా బిగించి ఆపైన ఇంకాస్త తిప్పి సెట్ చేసేవాళ్ళు. అక్కడ గ్యాప్ అసలు ఉండకూడదు మరి! ఎవరో పుణ్యాత్ముడు దాన్ని తెచ్చి ప్రపంచంలోని కార్లన్నిటికీ తగిలించాడు.

“కంపెనీలు ఇది దాస్తున్నాయి” అన్నది చివరి పాయింటు. దాచాయి, కొన్ని కార్లలో గ్యాప్ ఎంతుండాలో ఏకంగా బానెట్ కింద స్టిక్కర్ మీద అచ్చువేసి మరీ దాచాయి.

ఇక బావా, ట్యాపెట్ సెట్టింగ్ తర్వాత మీ ఫ్రెండ్ కారు పికప్ పెరిగిందన్నావు. నమ్ముతున్నాను. గ్యాప్ తగ్గిపోయిన ఇంజన్‌ని సరిచేస్తే పోయిన కంప్రెషన్ తిరిగొస్తుంది, వాల్వ్ అప్పటికే కాలిపోకపోతే. ఒక్కటి మాత్రం ఆయన్ని అడిగి చెప్పు: ఆ మెకానిక్ స్క్రూ బిగించాడా, వదులు చేశాడా?