ఎక్స్‌గ్రేషియా పెంచారు సరే, పురుగుమందు మీద నిషేధం ఏది?

రైతు ఆత్మహత్య అనగానే మన చర్చ అప్పు దగ్గర మొదలై మద్దతు ధర దగ్గర ఆగిపోతుంది. అప్పులు నిజం, పత్తి రేటు పడిపోవడమూ నిజం. కానీ ఇన్నేళ్లుగా వాటి చుట్టూనే తిరుగుతూ, ప్రాణం తీస్తున్న పురుగుమందును మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. అది ప్రతి మండలంలో ఎరువుల కొట్లో ఉద్దెరకు దొరుకుతుంది. ఆకు మీద మచ్చలు చూపిస్తే కొట్టాయనే డాక్టరై మందు చెబుతాడు, ఖాతాలో రాసుకుంటాడు, పంట చేతికొచ్చాక తూకం దగ్గర పట్టుకుంటాడు. కొట్టిందిపోగా మిగిలిన మందు ఇంటికి చేరుతుంది.

ఆ ఇంట్లో ఉండేది రైతు ఒక్కడే కాదు కదా! జాతీయ నేర గణాంకాల సంస్థ ఎన్‌సీఆర్‌బీ లెక్క ప్రకారం 2022లో దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారు. సాగు రంగంలోని వారు 11,290 మంది. గృహిణుల సంఖ్య దానికి రెట్టింపు దాటింది. వీళ్ల గురించి ఏ పార్టీ యాత్ర చేయదు.

శ్రీలంకను చూడండి. 1995లో అక్కడ లక్ష మందికి దాదాపు 47 ఆత్మహత్యలు. ప్రపంచంలోనే అత్యధిక రేట్లలో అదొకటి. 1980ల నుంచి అక్కడి ప్రభుత్వం అతి విషపూరితమైన పురుగుమందులను ఒక్కొక్కటిగా నిషేధిస్తూ వచ్చింది. 1995 తర్వాత ఇరవై ఏళ్లలో రేటు సుమారు 70 శాతం తగ్గింది. అంతర్యుద్ధం 2009 దాకా సాగుతూనే ఉంది, పేదరికం మాయం కాలేదు, పంట దిగుబడి పడిపోలేదు. ఇంకో సంగతి. అక్కడే 180 పల్లెల్లో పరిశోధన చేసి, సగం పల్లెల్లో మందు దాచుకోవడానికి ఇంటింటికీ తాళం వేసే పెట్టెలు పంచి చూశారు. ఫలితం కనిపించలేదు. జాగ్రత్తగా పెట్టుకోండని ఇళ్లకు చెప్పడం వల్ల కాలేదు, అమ్మకం ఆపడం వల్ల అయింది.

కారణం ఊహించలేనిదేమీ కాదు. చాలామందిలో ఆ ఆవేశం గంటల్లో చల్లారుతుంది. చేతికి అందేది ప్రాణాంతకం కాకపోతే మనిషి ఆసుపత్రి దాకా చేరతాడు, బతుకుతాడు. అలా బతికినవారిలో అత్యధికులు తర్వాత ఆత్మహత్యతో చనిపోరని పరిశోధనలు చెబుతున్నాయి.

చావాలనుకున్నవాడు ఇంకో దారి వెతుక్కుంటాడని కొందరంటారు. లంకలో మొత్తం రేటే తగ్గిందంటే ఆ వాదన అక్కడే వీగిపోయినట్టు. 2021లో లంక సాగు కుప్పకూలలేదా అని మరికొందరు అడుగుతారు. అది రసాయన ఎరువులు, మందులు అన్నిటినీ రాత్రికి రాత్రి బంద్ పెట్టిన నిర్వాకం. నేనడిగేది అది కాదు.

మన దగ్గర జరిగిందేమిటి? ఆత్మహత్య చేసుకున్న రైతు కుటుంబానికి సాయం ఇవ్వడానికి 2004లో జీవో 421 వచ్చింది. లక్షన్నరతో మొదలైన సాయం తెలంగాణలో 6 లక్షలకు, ఆంధ్రప్రదేశ్‌లో 7 లక్షలకు పెరిగింది. ఆర్డీవో, డీఎస్పీ, వ్యవసాయ శాఖ ఏడీ కలిసి ఇంటికొచ్చి ఎఫ్‌ఐఆర్, పోస్టుమార్టం రిపోర్టు, పాసుపుస్తకం చూస్తారు. కౌలు రైతు భార్య పాసుపుస్తకం ఎక్కడి నుంచి తేవాలి? ఆమెకు ఆఫీసుల చుట్టూ తిరగడమే మిగులుతుంది. సాయం వద్దనడం లేదు. కానీ మన ప్రభుత్వాలకు పోయిన ప్రాణానికి వెల కట్టడంలో ఉన్న హుషారు, ప్రాణం పోకుండా చూడటంలో ఉండదు. 2020లో విశాఖ ఎల్జీ పాలిమర్స్‌లో గ్యాస్ లీకైనప్పుడు కుటుంబానికి కోటి ప్రకటించడం గంటల్లో అయిపోయింది. అదే వేగం ఫ్యాక్టరీ తనిఖీల్లో ఎప్పుడైనా చూశామా? చెక్కు ఇస్తే ఫొటో వస్తుంది, తనిఖీకి ఫొటో ఉండదు.

మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416 నంబరు రాత్రీ పగలూ పనిచేస్తుంది. టెన్షన్‌తో నలిగిపోతున్నవారు, వాళ్ల ఇంట్లోవాళ్లు తప్పక ఫోన్ చేయాలి. అయితే దాన్ని చూపించి ప్రభుత్వం చేతులు దులుపుకోవడం కుదరదు.

1968 నాటి పురుగుమందుల చట్టం సెక్షన్ 27 కింద రాష్ట్రం ఒక మందును ఆపగలిగేది 60 రోజులు, పొడిగిస్తే మరో 30. ఆ తర్వాత అదే డబ్బా అదే అరలోకి తిరిగొస్తుంది. శాశ్వత నిషేధం ఢిల్లీ చేతుల్లో ఉంది. 2020లో రాజ్యసభలో పెట్టిన కొత్త బిల్లు చట్టం కాలేదు. నిధుల కోసం గొంతు చించుకునే మన ఎంపీలు ఈ 60 రోజుల గడువు ఎత్తేయాలని, నిషేధించే అధికారం రాష్ట్రాలకు ఇవ్వాలని పార్లమెంటులో పట్టుబట్టాలి. అందుకు ఖజానా నుంచి పైసా తీయక్కర్లేదు.