వాడు జరిపేసింది ఏ సీనో తెలుసా

రాత్రి నుంచి కోపం దిగలేదు. పొద్దున లేచి కాఫీ పెట్టుకున్నా అదే మంట. ఇక్కడ రాసేస్తే గానీ తగ్గేలా లేదు.

నిన్న మా ఇంట్లో అందరినీ బతిమాలి కూర్చోబెట్టి ‘నిహోన్ చింబోత్సు’ పెట్టాను. జపాన్ మునక అని అర్థం. 1973లో జపాన్ సినిమా కంపెనీ తోహో వాళ్ళు తీసిన సినిమా. నవల సక్యో కొమత్సుది, దర్శకుడు షిరో మొరితాని. గంట దాటిందో లేదో మా బాబాయి కొడుకు రిమోట్ అందుకున్నాడు. "అక్కా, ఈ మీటింగులన్నీ ఎందుకు? మునిగేది ఎప్పుడు?" అంటూ సినిమాని ముందుకి జరపడం మొదలుపెట్టాడు.

ఏ సీన్ జరిపాడో చెప్తాను. దేశం సముద్రంలోకి పోతోందని తేలిపోయింది. 11 కోట్ల మందిని ఏం చేయాలి? వతారి అనే ముసలాయన, మేధావులు రాసిచ్చిన దారులు ప్రధాని ముందు పెడతాడు. ఎక్కడైనా కొత్త దేశం కట్టుకోవడం ఒకటి. చేరిన చోటల్లా ఆ దేశాల్లో కలిసిపోవడం ఒకటి. ఎక్కడా చోటు దొరకనివాళ్ళ సంగతి ఇంకొకటి. ఇవి కాక మరో మాట కూడా ఉంటుంది: ఏమీ చేయకపోవడమే మేలు, నేలతో పాటే అందరూ పోవడం మేలు అని. అది విన్న ప్రధానిగా తెత్సురో తంబా ఏమీ మాట్లాడడు. కళ్ళలో నీళ్ళు నిండుతాయి, అంతే. సినిమా మొత్తానికి ప్రాణం ఆ కళ్ళే. వాటిని పట్టుకుని జరిపేశాడు!

పైగా "బిల్డింగులు బొమ్మల్లా ఉన్నాయి" అని ఒకరు. 1973లో బొమ్మలు కట్టి, నీళ్ళు పోసి, నిప్పు పెట్టి తీసిన పని అది. ఆ నిప్పు వెనక ఏముందో తెలిస్తే ఆ మాట నోట్లోంచి రాదు. 1923 కాంతో భూకంపంలో టోక్యోలో ఒక ఖాళీ స్థలంలోకి పారిపోయిన జనాన్ని నిప్పుల సుడిగాలి కమ్మేసింది. ఆ ఒక్కచోటే దాదాపు 38 వేల మంది పోయారు. సరిగ్గా 50 ఏళ్ళకు వచ్చిన ఈ సినిమాలో జనం వెనక మంటలు, ముందు చక్రవర్తి కోట గేటు. పోలీసులు వెనక్కి నెడుతుంటారు. ప్రధాని ఫోన్లో గేట్లు తెరవమని ఆర్డర్ వేస్తాడు. అప్పుడు హాల్లో కూర్చున్న జపాన్ వాళ్ళలో 1923 నాటి ఆ రోజు చూసినవాళ్ళు ఇంకా ఉన్నారు. ఇది బొమ్మలాటా?

అసలు మావాణ్ణి అని ఏం లాభం, అమెరికాలో చేసిందీ ఇదే. రోజర్ కోర్మన్ కంపెనీ ఈ సినిమా కొని, 1975లో ‘టైడల్ వేవ్’ అని పేరు మార్చింది. రెండు గంటల ఇరవై నిమిషాల సినిమాని గంటన్నర లోపుకి కోసేసింది. మాటలు తీసేసి అలలు ఉంచారు. పైగా నటుడు లార్న్ గ్రీన్‌తో ఒక అమెరికా రాయబారి పాత్ర కొత్తగా తీసి మధ్యలో అతికించారు. దేశం పోతున్న మనుషుల సినిమాలో వాళ్ళ మాటలే కోసేశారంటే ఇంకేం చెప్పాలి.

2006లో షింజి హిగుచి మళ్ళీ తీశాడు. దాని మీద నా కోపం పాతది, ఈ రోజుకీ పోలేదు. చివర్లో హీరో సముద్రం అడుగుకి వెళ్ళి బాంబు పేల్చి ప్రాణం ఇస్తాడు, దేశం మిగిలిపోతుంది. మిగిలిపోయాక ఇంక కథేముంది? కొమత్సు ఈ నవల 1964లో మొదలుపెట్టి తొమ్మిదేళ్ళు రాశాడు. నేల లేకపోతే జపాన్ మనిషి ఏమవుతాడన్నది ఆయన ప్రశ్న. అందుకే దేశం మునిగాక కూడా చివరి పేజీలో ‘మొదటి భాగం సమాప్తం’ అని పెట్టాడు. మునగడం ఆయనకి మొదలు మాత్రమే.

నాకెందుకింత బాధ అంటే, మా అమ్మమ్మ వాళ్ళ ఊరు ముంపులో పోయింది. ఎండాకాలం నీళ్ళు తగ్గితే గుడి శిఖరం బయటపడేది. అమ్మమ్మ ఒడ్డున నిలబడి, చేయి చాపి మా ఇల్లు అక్కడ, చింతచెట్టు ఇక్కడ అని నీళ్ళ మీద చూపించేది. కొత్త కాలనీలో ముప్పై ఏళ్ళు ఉన్నా మీదే ఊరంటే పాత ఊరి పేరే చెప్పింది. నీళ్ళు ఎప్పుడు వచ్చాయని ఆమెని అందరూ అడిగేవారు. ఆ తర్వాత ఎలా బతికావని ఒక్కరూ అడగలేదు.

1973 సినిమా చివర్లో హీరో ఒనొదెరా, అతను ప్రేమించిన రేకో వేరు వేరు ఖండాల్లో వేరు వేరు రైళ్ళలో ఉంటారు. ఒకరు మంచులో, ఒకరు బీడు నేలల్లో. రెండోవాళ్ళు బతికున్నారో లేదో ఇద్దరికీ తెలీదు. మావాళ్ళు అది చూడనే లేదు. అలలు అయిపోయాయని అప్పటికే లేచి చెప్పులు వేసుకుంటున్నారు.

ఆదివారం మళ్ళీ మొదటి నుంచి పెడతాను. రావాలనుకున్నవాళ్ళు రండి. ఒక్క నిమిషం కూడా జరపను.